జింకల ప్రియాన్ జబ్బుపై మద్దిలపాలెంలో ఆదివారం తరగతి

విశాఖపట్నం మద్దిలపాలెంలోని ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం పశువైద్య విద్యార్థుల కోసమూ, జీవాలను పెంచుకునేవారి కోసమూ ఆదివారాలు నడుపుతున్న తరగతుల్లో ఈ విడత అంశం క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, అంటే ఉత్తర అమెరికాలో దుప్పులను, ఎల్క్‌లనే పెద్ద జాతి జింకలను చిక్కి శల్యమయ్యేలా చేసి చంపుతున్న ప్రియాన్ (మడత తప్పిన ప్రోటీన్) జబ్బు. రుసుము 500 రూపాయలు. ఎక్కడో అమెరికా అడవుల్లోని జబ్బు కోసం ఒక పూటంతా కూర్చోవాలా అని సందేహించేవారికి కూర్చోవాలనే చెబుతాను. రుజువైనదేదో, ఇంకా అనుమానంగానే ఉన్నదేదో విడదీసి చూపిన తీరుకే ఆ డబ్బు చెల్లిపోతుంది.

బోధించినవారు ఒక విశ్రాంత పశువైద్యులు. 1967లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ పరిశోధన కేంద్రంలో, దొడ్లలో పెంచుతున్న మ్యూల్ దుప్పులు మేతకు కొదవ లేకపోయినా చిక్కిపోవడం, అది పోషకాహార లోపమో, బంధించి ఉంచడం వల్ల కలిగిన ఒత్తిడో అని అక్కడివారు చాలాకాలం భావించడం, 1970ల చివర పశువైద్య పరిశోధకురాలు ఎలిజబెత్ విలియమ్స్ ఆ దుప్పుల మెదడు నుంచి కోసిన పలుచని ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, గొర్రెల్లో వచ్చే స్క్రేపీ అనే మెదడు జబ్బులో మాదిరే సన్నని రంధ్రాలు పడి ఉన్నాయని గుర్తించడం, ఇవన్నీ ఆయన వరుసగా, తొందరపడకుండా చెప్పారు. ఈ జబ్బుకు బాక్టీరియా గానీ వైరస్ గానీ కారణం కాదు. ఒంట్లో సహజంగా ఉండే ఒక ప్రోటీన్ మడత తప్పి, తనకు తగిలిన మంచి ప్రోటీన్‌ను కూడా అదే వంకర మడతలోకి లాగుతుంది. పైకి లక్షణాలు కనపడటానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టవచ్చు. ఆలోగానే చొంగలో, మూత్రంలో, పెంటికల్లో ప్రియాన్లు బయటికి వస్తుంటాయి. టీకా లేదు, చికిత్స లేదు, సోకిన జంతువు బతకదు.

తరగతిలో అన్నిటికన్నా విలువైనది పరీక్ష నమూనాలు తీసే విధానం. దానికోసం పూర్ణా మార్కెట్ నుంచి ఒక మేక తలకాయ తెప్పించారు. గొంతు వెనుక భాగాన్ని అడ్డంగా కోసి, కొవ్వులో దాగి ఉన్న చిక్కుడు గింజంత శోషరస గ్రంథులను (లింఫ్ నోడ్లను) రెండు పక్కలా వేళ్లతో తడిమి బయటికి తీశారు. తర్వాత తలను తిప్పి, వెన్నుపాము దూరే రంధ్రంలోకి పొడవాటి సన్నని చెంచా పోనిచ్చి, మెదడు కాండం చివర ఒబెక్స్ అనే భాగాన్ని చితకకుండా తీసి తెల్లని పళ్లెంలో పెట్టారు. దుప్పిలోనూ ఇవే చోట్ల నుంచి నమూనాలు తీస్తారు. మెదడు చూడటానికి బాగానే ఉన్నా గ్రంథుల్లో ముందే ప్రియాన్లు చేరి ఉండవచ్చు గనుక, ముఖ్యంగా తెల్లతోక దుప్పుల్లో, ఆ గ్రంథులను వదిలేస్తే జబ్బు తొలిదశ కంటపడదని ఆయన చెప్పిన మాటను విద్యార్థులు తప్పక రాసుకోవాలి.

మనిషికి సోకుతుందా అన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబు నిజాయతీగా ఉంది. ఇంతవరకు మనుషుల్లో ఒక్క కేసు కూడా నిర్ధారణ కాలేదు. అయినా ఇలాంటి ప్రియాన్ జబ్బే అయిన పిచ్చి ఆవు జబ్బు మనుషులకు సోకిందని బ్రిటన్‌లో 1996లో తేలిన అనుభవం ఉంది కాబట్టి, జబ్బు నిర్ధారణ అయిన జంతువు మాంసం తినవద్దని అమెరికా ఆరోగ్య సంస్థలు సూచిస్తున్నాయి. భయపెట్టడమూ లేదు, కొట్టిపారేయడమూ లేదు. మన విశాఖ కంబాలకొండ అడవిలోని దుప్పుల మాటేమిటని ఎవరో అడిగితే, ఇప్పటివరకు ఈ జబ్బు బయటపడినది ఉత్తర అమెరికాలోనూ, దక్షిణ కొరియాలోనూ, నార్వే, ఫిన్లాండ్, స్వీడన్‌లలోనూ అని చెప్పి, కొరియాకు అది కెనడా నుంచి కొనుక్కున్న ఎల్క్‌లతో వచ్చిందని గుర్తుచేశారు. బతికున్న జంతువులను దిగుమతి చేసుకునేటప్పుడు ఎందుకంత కట్టుదిట్టంగా ఉండాలో ఆ ఒక్క ఉదాహరణతో నాకు స్పష్టమైంది.

లోపాలు కూడా చెప్పాలి. లక్షణాల ఫొటోల మీద అవసరానికి మించి సమయం గడిచిపోయింది. అతి తక్కువ ప్రియాన్లను కూడా పట్టుకోగల ఆర్‌టీ-క్విక్ పరీక్షను చివర్లో రెండు ముక్కల్లో ముగించేశారు. మట్టి సంగతి కూడా అంతే. ప్రియాన్లు బంకమట్టి రేణువులకు అంటుకుని ఏళ్ల తరబడి నిలుస్తాయనీ, గడ్డి మొక్కలు వాటిని వేళ్లతో పీల్చుకోగలవని 2015లో వచ్చిన ఒక పరిశోధన చూపిందనీ వివరించి ఉంటే, చనిపోయిన జంతువు కళేబరాన్ని అక్కడే వదిలేయకూడదనే నియమం ఎందుకు పెట్టారో అందరికీ అర్థమయ్యేది.

అంతకన్నా బాధ కలిగించినది పంచిపెట్టిన తెలుగు కరపత్రం. మాంసాన్ని బాగా ఉడికిస్తే ప్రమాదం పోతుందని అందులో అచ్చయింది. ఇది పూర్తిగా తప్పు. మామూలు వంట వేడికి ప్రియాన్లు నశించవు, శరీర భాగాలు కుళ్లకుండా నిల్వ ఉంచే ఫార్మలిన్‌కు కూడా లొంగవు. ఆ మాట బోధించిన పశువైద్యులు నోటితో స్పష్టంగానే చెప్పారు. కానీ ఇంటికి వెళ్లాక మిగిలేది కాగితమే. జీవాలు మేపుకునే కుటుంబాల చేతిలోకి వెళ్లే కాగితంలో ఇలాంటి వాక్యం ఉండకూడదని నిర్వాహకులకు రాతపూర్వకంగా తెలియజేశాను. వచ్చే విడతకు సరిదిద్ది ఇస్తామన్నారు. చేరదలచినవారు సరిచేసిన ప్రతినే అడిగి తీసుకోవాలి, ప్రదర్శన బల్ల దగ్గరే జరుగుతుంది గనుక ముందు వరుసలో కూర్చోవాలి.