పాలొక్కటే మానాలా, ఆరూ మానాలా?

చపాతీ ముద్ద ఛాతీ మధ్యలో ఆగిపోయి, గ్లాసుడు నీళ్లు తాగితే తప్ప కిందకి దిగేది కాదు. గ్యాసేమో అనుకుని మూడేళ్లు నెట్టుకొచ్చాను. చివరికి ఎండోస్కోపీ చేసి అన్నవాహిక లోపలి నుంచి చిన్న ముక్కలు తీసి చూస్తే, మైక్రోస్కోపు కింద ఒక ఫీల్డుకి 15 దాటి ఈసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) కనిపించాయి. ఈసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అన్నారు, అంటే తిన్నది పడక ఈ కణాలు చేరి అన్నవాహికలో వచ్చే వాపు. మందులున్నాయి, కానీ నేను ముందు తిండితోనే ప్రయత్నిస్తానన్నాను.

ఈ వాపుని ఎక్కువగా తెప్పించే ఆరు రకాల తిండీ మానేయడం ఒక పద్ధతి. ఆ ఆరు ఏవంటే పాలు, గోధుమ, గుడ్డు, సోయా, చేపలు-రొయ్యలు, ఇంకా పల్లీలు, జీడిపప్పు లాంటివన్నీ కలిపి ఒకటి. నేను దీంతోనే మొదలుపెట్టాను, అదే తప్పు. మాది శాకాహారం కాబట్టి గుడ్డు, చేపల గొడవ లేదు, సగం పని అయిపోయినట్టే అనుకున్నా. మూడు వారాలయ్యాక పులిహోర తింటూ ఊరికే ఇంగువ డబ్బా తిప్పి చూస్తే అందులో గోధుమపిండి!

అయినా మానడం కాదు అసలు కష్టం, మళ్లీ ఒక్కొక్కటే తినడం మొదలుపెట్టడం. ఒకటి కలపాలి, ఆరెనిమిది వారాలు ఆగాలి, ఎండోస్కోపీ చేయించుకోవాలి, ఆ తర్వాతే ఇంకోటి. ప్రతిసారీ సెలవు, ఖర్చు, మత్తుమందు. పోనీ మింగుడు బాగానే ఉంది కదా అని వదిలేద్దామంటే, పైకి బాగున్నా లోపల వాపు ఉండొచ్చు. చర్మం మీద చేసే అలర్జీ టెస్టులు ఏ తిండితో వస్తోందో చెప్పడంలో పెద్దగా పనికిరావు.

ఇంత కష్టానికి దక్కేదెంత? 2023లో ఫలితాలు వెలువడిన అమెరికా ట్రయల్‌లో 129 మంది పెద్దవాళ్లని రెండు గుంపులు చేసి ఆరు వారాలు చూశారు. ఆరూ మానేసినవాళ్లలో 40 శాతానికి వాపు తగ్గింది, పాలొక్కటే మానేసినవాళ్లలో 34 శాతానికి. లెక్కలోకి తీసుకునేంత తేడా కాదది. పాలు మానినా తగ్గనివాళ్లలో కొందరు తర్వాత ఆరూ మానితే 21 మందిలో 9 మందికి తగ్గింది, అంటే ముందు చిన్న మెట్టు ఎక్కితే పోయేదేమీ లేదు. ఆరుతోనూ తగ్గక, మింగే స్టెరాయిడ్‌కి మారిన 11 మందిలో 9 మందికి తగ్గింది. ముద్ద అడ్డుపడి ఆసుపత్రికి పరిగెత్తినవాళ్లు, అన్నవాహిక సన్నబడినవాళ్లు తిండి ప్రయోగాలతో నెలలు గడిపే బదులు మందుల గురించి డాక్టర్‌ని ముందే అడగడం నయం.

నా ఓటు పాలకే. అలాగని తేలికేం కాదు, మనింట్లో పాలు మానడమంటే పెరుగు, మజ్జిగ, పప్పులో నెయ్యి అన్నీ పోతాయి. "ఒక్క చెంచా నెయ్యికి ఏమవుతుందిరా" అని అమ్మ నెల రోజులు అడిగింది. తర్వాత తనే కొబ్బరిపాలతో పెరుగు తోడుపెట్టింది, రుచి బాగుంది, వారం తిన్నాను. తోడుకి ఏం వేశావని అడిగితే "మామూలు పెరుగే, ఒక చుక్క" అంది. ఇప్పుడు మిరపకాయ తొడిమలు వేసి తోడుపెడుతోంది.