కడియం నుంచి తెచ్చిన మొండి మొక్కలు: పద్నాలుగు నెలల తర్వాత

ఒంగోలులోని మా ఇంటి ముందు పది అడుగుల ఖాళీ స్థలం, తూర్పు పక్కన మూడు అడుగుల సందు ఉన్నాయి. ఇంట్లో ఇద్దరమూ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లం, పైగా వేసవిలో ఇక్కడ నీటి ఎద్దడి తప్పదు. అందుచేత రోజూ నీళ్లు అడగని మొక్కలే కావాలని ముందే అనుకుని, నిరుడు జూలైలో కడియం మండలంలోని కడియపులంక వెళ్లి ఒక మోస్తరు నర్సరీలో కొనుగోలు చేశాము.

ఆ నర్సరీ యజమాని ధర మాట ఎత్తకముందే, ఇంటి ముఖం ఏ దిక్కు, ఎండ ఎన్ని గంటలు పడుతుంది అని అడగడం నాకు ఎంతో నచ్చింది. ముందువైపు ఎండకు మూడు కాగితం పూల మొక్కలు, ప్రహరీ వెంట ఆరు పొట్టి నందివర్ధనాలు, నాలుగు నూరు వరహాలు, వరండా నీడకు రెండు స్నేక్ ప్లాంట్లు, మెట్ల పక్కకు రెండు అడీనియాలు (దుంపలాంటి మొదలుండే ఎడారి గులాబీలు) ఆయనే ఎంపిక చేశారు. గన్నేరు కూడా చూపించారు గాని, దానిలో ఆకు మొదలు వేరు దాకా అంతా విషమే కనుక, పసిపిల్లలున్న ఇంట్లో వద్దనుకున్నాము. మెక్సికన్ గడ్డి పరిచిన మడి కంటికి ఇంపుగానే ఉంది, అయితే తడపడం, కత్తిరించడం ఎడతెగని పని కాబట్టి దాన్నీ వదిలేశాము. "ఇవన్నీ మొండి మొక్కలండి, ఓ రోజు నీళ్లు మర్చిపోయినా బతికేస్తాయండి" అంటూ పనివారు ఒక్క కొమ్మ విరగకుండా బండిలో సర్ది పంపారు.

వారు చెప్పనిది మట్టి సంగతి. కవర్లలో ఉన్నది మెత్తని ఒండ్రుమట్టి. గోదావరి గాలిలో, రోజూ తడిపే చోట దానికి ఏ ఇబ్బందీ లేదు గాని, మా ఎండకు నాలుగు రోజుల్లోనే అది ఇటుకలా బిగిసిపోయింది. నీళ్లు పోస్తే పైనుంచి పక్కలకు జారి గోతిలోకి పోతున్నాయే తప్ప వేళ్ల దాకా దిగడం లేదు. మిగిలిన మొక్కలను కవరుతో సహా బకెట్లో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, మెత్తబడిన మట్టిని అంచుల వెంట వేళ్లతో వదులు చేసి నాటాను. మాది నల్లరేగడి కావడంతో గోతిలో ఇసుక, పశువుల ఎరువు కలపవలసి వచ్చింది. ఆలస్యంగా తెలుసుకున్నందుకు నూరు వరహాల్లో ఒకటి ఎండిపోయింది.

అడీనియాలది దీనికి విరుద్ధమైన కథ. ఆగస్టు ముసురులో అదే ఒండ్రుమట్టి తడి వదలక, ఒకదాని దుంప బొటనవేలితో నొక్కగానే లోపలికి దిగిపోయి గోధుమ రంగు నీరు కారింది. రెండోదాని కుళ్లిన భాగం కోసి, వారం రోజులు నీడలో ఆరబెట్టి, ముతక ఇసుక ఎక్కువ కలిపిన కుండీలో నాటితే నిలిచింది. ఎడారి మొక్కను అటువంటి మట్టిలో పెట్టి అమ్మేటప్పుడు ఒక్క మాట హెచ్చరించవలసింది.

ఈ ఏడాది మే నెల ఎండలను మాత్రం నాటుకున్న మొక్కలన్నీ తట్టుకున్నాయి. పాదుల్లో ఎండుటాకులు మందంగా పరచి, నందివర్ధనాలకు వారానికి రెండుసార్లు నిండా నీళ్లు పెట్టాము. మా అత్తగారి శివపూజకు పూల కొరత రాలేదు. కాగితం పూలకు నీరు తగ్గించిన కొద్దీ పూత పెరిగింది. పూత అయ్యాక కొమ్మలు కత్తిరించడం తప్ప వేరే సేవ చేయలేదు. స్నేక్ ప్లాంట్లకు వానాకాలంలో నెలకు ఒకసారి తడిపినా సరిపోయింది.

మొక్కల నాణ్యతకు, ఎంపికలో ఇచ్చిన సలహాకు ఐదుకు నాలుగు ఇస్తాను. నాటే పద్ధతి చెప్పకపోవడానికే ఒకటి తగ్గించాను. సందులో మిగిలిన చోటుకు మరో నాలుగు నందివర్ధనాలు అక్కడి నుంచే తెచ్చుకుంటాము. అడీనియం మాత్రం ఇసుక పాలు ఎక్కువున్న కుండీలో పెంచినదైతేనే కొంటాము.