ఎట్రుస్కన్ భాషను విప్పే రెండు దారులు

రోమన్ల ప్రాబల్యానికి ముందు ఇటలీలో వర్ధిల్లిన ఒక జాతి భాష ఎట్రుస్కన్. దాని లిపి గ్రీకు అక్షరాల నుంచి పుట్టింది కనుక ఇటలీలో దొరికిన ఆ శాసనాలను పైకి చదవడం కష్టం కాదు. చిక్కంతా అర్థం దగ్గరే ఉంది.

ఆ అర్థం కోసం కొందరు పండితులు తెలిసిన భాషల్లో పోలికగల మాటలను వెతికారు. 1870లలో జర్మన్ పండితుడు విల్‌హెల్మ్ కోర్సెన్ ఈ భాషను లాటిన్ బంధువుగా నిరూపించబోయి విఫలుడయ్యాడు. ధ్వనిసామ్యం ఏ రెండు భాషల మధ్యనైనా దొరకవచ్చు కనుక ఈ పద్ధతిలో తప్పును పట్టుకోవడం కష్టం.

రెండవది, శాసనాలనే ఒకదానితో ఒకటి సరిపోల్చి, ఒక మాట ఏ వస్తువు మీద, ఏ స్థానంలో వస్తున్నదో గమనించే పద్ధతి. నా దృష్టిలో నమ్మదగినది ఇదే. సమాధుల మీద పేరు, తల్లిదండ్రులు, వయసు వంటి వివరాలు దాదాపు ఒకే తీరున పదేపదే రావడం వల్లనే ‘క్లాన్’ అంటే కొడుకని, ‘అవిల్’ అంటే సంవత్సరమని తేలింది. 1964లో ఇటలీ తీరంలోని పిర్గీలో మూడు బంగారు రేకులు బయటపడ్డాయి. రెండు ఎట్రుస్కన్‌లో, ఒకటి పండితులకు అర్థం తెలిసిన ఫినీషియన్ భాషలో దాదాపు అదే విషయంతో ఉన్న ఆ రేకులు ‘కి’ అంటే మూడు అన్న నిర్ణయాన్ని బలపరిచాయి.

అయితే సమాధి శాసనాలు నేర్పే మాటలు కొద్ది. క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో ఉన్న ఈజిప్టు మమ్మీకి చుట్టిన నారబట్ట మీది పూజావిధుల గ్రంథం, లభ్యమైన ఎట్రుస్కన్ రచనల్లోకెల్లా పెద్దది, నేటికీ పూర్తిగా బోధపడలేదు. మొదటి పద్ధతి నిజంగా ఫలించిన చోటు గ్రీసులోని లెమ్నోస్ ద్వీపపు శిలాఫలకం; దాని భాష ఎట్రుస్కన్‌కు దగ్గరి చుట్టమని వ్యాకరణ రూపాలే చెబుతున్నాయి.