టెర్మినల్ ల్యాబ్‌కి ఐపీ ఎవరివ్వాలి: రూటరా, ప్రాక్సీనా, రెండో కార్డా? ఏది మేలు?

అమలాపురం, రాజోలు వైపు ఏ స్కూల్లోనైనా పాత కంప్యూటర్లని డిస్కుల్లేకుండా ఎల్‌టీఎస్‌పీ సర్వర్ (టెర్మినళ్ళనే ఈ మెషీన్లని నెట్‌వర్క్ మీదుగా బూట్ చేసే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఉన్నది) మీద నడపాలనుకుంటే, అందరూ ముందు అడిగేది ర్యామ్ ఎంత కావాలని. నేను ముందు అడిగేది వేరు: పిల్లలు వచ్చి కూర్చున్నాక మెషీన్లు బూట్ అవ్వకపోతే, తప్పు ఎక్కడుందో మాస్టారు తెర చూసి చెప్పగలరా? అది డీహెచ్‌సీపీ (మెషీన్ లేవగానే దానికి ఐపీ, అంటే నెట్‌వర్క్ అడ్రస్, ఇచ్చే పద్ధతి) ఎవరిస్తున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది.

మొదటి దారి, నెట్ కనెక్షన్‌తో వచ్చిన రూటరే ఐపీతో పాటు బూట్ ఫైల్ (మెషీన్ లేవడానికి సర్వర్ నుంచి ముందు తెచ్చుకునే ఫైల్) పేరు కూడా ఇవ్వడం. డీహెచ్‌సీపీలో 66, 67 ఆప్షన్లు అందుకే ఉన్నాయి. కానీ చాలా చిన్న రూటర్లలో ఆ సెట్టింగే కనిపించదు. ఉన్నా, రూటర్ కాలిపోయి కొత్తది పెడితే సెట్టింగ్ దాంతోనే పోతుంది. పాత బయోస్ మెషీన్లకీ కొత్త తరహా యూఈఎఫ్ఐ మెషీన్లకీ వేర్వేరు బూట్ ఫైళ్ళు కావాలి, ఇలాంటి రూటర్ ఇచ్చేది ఒక్క పేరే. ఈ దారి పట్టమని నేను ఎవరికీ చెప్పను.

రెండోది ప్రాక్సీ డీహెచ్‌సీపీ. రూటర్ ఐపీ ఇస్తుంది, సర్వర్‌లోని డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ బూట్ సమాచారం మాత్రం ఇస్తుంది. ఇప్పుడున్న నెట్‌వర్క్‌ని కదపక్కర్లేదు, ఎల్‌టీఎస్‌పీ మామూలుగా పెట్టేదీ ఇదే. బయోస్ బూట్‌లో తెర మీద కోడ్ (PXE-E52 లాంటిది, దాన్నే ఇక్కడ ఈ52 అంటున్నాను) చూస్తే ఎటు వెళ్ళాలో తెలుస్తుంది. ఈ52 అంటే ప్రాక్సీ పలికింది, ఐపీ ఇచ్చేవాళ్ళు లేరు: రూటర్ చూడండి. ఈ53 అంటే ఐపీ వచ్చింది, ఫైల్ పేరు రాలేదు: సర్వర్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ నడుస్తోందా, ఫైర్‌వాల్‌లో యూడీపీ పోర్టులు 67, 4011 తెరిచి ఉన్నాయా చూడండి. ఈ51 అంటే ఎవరూ పలకలేదు: కేబుల్, స్విచ్. ఈ32 వస్తే పేరు చేరింది గానీ టీఎఫ్‌టీపీ (ఆ ఫైల్‌ని పంపేది) జవాబివ్వలేదు. అది పోర్టు 69 సంగతి. ఇబ్బందల్లా కొన్ని పాత మెషీన్ల ఫర్మ్‌వేర్‌తోనే. రెండు చోట్ల నుంచి జవాబులొస్తే అవి తడబడతాయి.

మూడోది, సర్వర్‌లో రెండో ల్యాన్ కార్డు వేసి టెర్మినళ్ళకి వేరే నెట్‌వర్క్ కట్టడం. ఎల్‌టీఎస్‌పీ దీనికి వాడేది 192.168.67 ఐపీల వరస. అన్నీ సర్వరే ఇస్తుంది కాబట్టి తప్పు వెతకాల్సింది సర్వర్, స్విచ్, వైర్లలోనే. నెట్ రూటర్ మారినా, చచ్చినా, ల్యాబ్ బూట్ అవుతుంది. ఈ ఒక్క గుణం కోసమే నేను దీనికి ఓటేస్తాను. కానీ ఎవరైనా వైఫై రూటర్ తెచ్చి ఆ స్విచ్‌కి తగిలిస్తే దాని డీహెచ్‌సీపీ కూడా పలుకుతుంది. ముందు దాని జవాబు అందుకున్న మెషీన్లలో ఈ53 వచ్చి, మిగతావి బాగా నడుస్తుంటే ముందు ఆ రూటర్ కోసమే వెతకండి. సర్వర్‌లో టీసీపీడంప్ అనే, నెట్‌వర్క్ రాకపోకలు చూపే కమాండ్‌తో 67, 68 పోర్టులు చూస్తే ఇంకో డీహెచ్‌సీపీ జవాబులిస్తోందేమో బయటపడుతుంది.

ఇక కరెంటు. మన దగ్గర గాలివాన రోజుల్లో ఇదే అసలు గొడవ. కరెంటు రాగానే టెర్మినళ్ళన్నీ ఒకేసారి లేస్తాయి, సర్వర్ ఇంకా లేస్తూనే ఉంటుంది. ప్రాక్సీ ఉన్నచోట ఈ53, రెండో కార్డు ఉన్నచోట ఈ51 గదంతా కనిపిస్తుంది. అసలు చెడిపోయింది ఏమీ ఉండదు. అంతలోనే కంగారుపడి సెట్టింగులు మార్చకండి. టెర్మినళ్ళ బయోస్‌లో కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండేలా పెట్టి, సర్వర్ సిద్ధమయ్యాక ఆన్ చేయండి. స్విచ్‌కి కూడా యూపీఎస్ ఇవ్వండి. స్విచ్‌లో స్పానింగ్ ట్రీ (వైర్లు చుట్టు తిరిగి లూప్ పడకుండా చూసే ఏర్పాటు) ఉంటే లింక్ లేచాక పోర్టు 30 సెకన్లు ఏమీ పంపదు, ఆలోపే విసిగి ఆగిపోయే మెషీన్లున్నాయి. టెర్మినల్ పోర్టుల్లో పోర్ట్‌ఫాస్ట్ అనే సెట్టింగ్ పెడితే ఆ బాధ పోతుంది.

నాలుగైదు మెషీన్లున్న ఆఫీసుకి ప్రాక్సీ చాలు. ల్యాబ్‌కైతే రెండో కార్డే పెట్టించండి, అదీ గిగాబిట్‌ది. స్విచ్ కూడా గిగాబిట్‌దే ఉండాలి. కోడ్‌ల అర్థాలు ఒక కాగితం మీద రాసి సర్వర్ పక్క గోడకి అంటించండి. మాస్టారు బదిలీ అయి కొత్తవారు వచ్చినా అది చదివి పని చక్కబెట్టుకోగలరు.