పెరటి గుంటకి షీటు వేయించుకునేవాళ్లు జాగ్రత్త, ముఖ్యంగా కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు

కోపం ఇంకా తగ్గలేదు, తగ్గేదాకా ఆగితే ఈలోపు ఇంకో ఇల్లు మునుగుతుందని రాస్తున్నా. నిన్న సాయంత్రం కూడా మాకు గుంట వేసినాయన స్టేటస్‌లో ఒంగోలులో ఎవరిదో కొత్త గుంట ఫోటో పెట్టాడు. మొక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఆయన్ని కొత్తగా చెప్పక్కర్లేదు. నీలం షీటు, తెల్ల గులకరాళ్లు, మధ్యలో చిన్న ఫౌంటెన్, వెనక పాట పెట్టి వీడియోలు పంపుతుంటాడే, ఆయనే. పేరు ఇక్కడ రాయడం లేదు, అర్థం చేసుకోండి.

మాది కావలి, తుమ్మలపెంట రోడ్డు వైపు. ఇసుక నేల. పెరట్లో ఎంత నీళ్లు పోసినా చూస్తుండగానే ఇంకిపోతాయి కాబట్టి షీటు లేకుండా గుంట అనే మాటే లేదు. మా అత్తమ్మకి తామరపూలు పెంచాలని ఎప్పటి నుంచో ఆశ, పిల్లలకి చేపలు కావాలి. పొడవు 10 అడుగులు, వెడల్పు 8, లోతు 3. ఆయన చెప్పింది ఏంటంటే 500 మైక్రాన్ల మందం హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు, రొయ్యల గుంటలకి వేసేదే, ఒకే ముక్క, ఎక్కడా జాయింటు ఉండదు, పదేళ్లు తిరిగి చూడక్కర్లేదు. షీటు, కూలి, రాళ్లు, చిన్న మోటారు, అన్నీ కలిపి 16 వేలు. డబ్బులు ముందే తీసుకున్నాడు. బిల్లు అడిగితే పైన 'ఎస్టిమేట్' అని ఉన్న చిన్న చీటీ మీద మొత్తం రాసిచ్చాడు, అందులో షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, మైక్రాన్ల మాట అసలే లేదు.

ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. షీటు పరిచాక అడుగున గులకరాళ్లు పోస్తుంటే మా ఆయన సాయం చేద్దామని గుంటలోకి దిగబోయాడు. "వద్దు సార్, మీ కాలు తగిలి షీటు చిరిగితే వారంటీ పోద్ది" అని చెయ్యి అడ్డం పెట్టి మరీ ఆపాడు. రాళ్లన్నీ ఆయనే పరిచాడు. మధ్యలో మందంగా, అంచుల దగ్గర పల్చగా. ఎంత శ్రద్ధగా చేస్తున్నాడో అని అత్తమ్మ లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చిచ్చింది.

గుంట నిండటానికి 6,000 లీటర్ల పైనే పట్టింది, ట్యాంకర్ నీళ్లు. నిండిన దగ్గర నుంచి నీళ్లు తగ్గుతూనే ఉన్నాయి. ఫోన్ చేస్తే నవ్వాడు. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మీ గుంటలో నీళ్లు ఎంత మేడం, అంతా ఆవిరే" అన్నాడు. ఇంకోసారి చేస్తే కొబ్బరి వేరు పొడిచి ఉంటుందన్నాడు. మా పెరట్లో కొబ్బరి చెట్టే లేదు! ఆ మాట చెప్పగానే, తగ్గినంత మేరకు మున్సిపాలిటీ కొళాయి నీళ్లు పట్టేయండి, ఏం కాదు అన్నాడు. అట్లా నేరుగా పడితే ఆ నీళ్లలో ఉండే క్లోరిన్ చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. చేపల గుంటలు వేసేవాడికి ఇది తెలియకుండా ఉంటుందా? ఆయన మాట నమ్మి కొళాయి నీళ్లే పట్టాం, తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని తేలుతున్నాయి. మా చిన్నది ఏడుస్తూ ఒక్కోదాన్ని గిన్నెతో పట్టి, ముందు రోజు పట్టి ఉంచిన నీళ్ల టబ్బులో వేసింది, సగం కూడా బతకలేదు.

రొయ్యల గుంటల మీద పనిచేసే మా పక్కింటి అన్నే దారి చూపించాడు. బకెట్ నిండా నీళ్లు పోసి, గుంటలోనే ఇటుకల మీద, అంచు పైకి కనపడేటట్టు నిలబెట్టమన్నాడు. బకెట్ లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అక్కడొక గీత, గుంట గోడ మీద ఇంకో గీత. పంపు ఆపేసి, మర్నాడు అదే టైముకి చూశాం. బకెట్లో గీత కింద చిటికెన వేలు వెడల్పంత తగ్గింది. గుంటలో జానెడు తగ్గింది. రెండింటి మీదా అదే ఎండ, అదే గాలి. మన వైపు మండు వేసవిలో కూడా ఆవిరయ్యేది రోజుకి ఒక సెంటీమీటరుకి అటూ ఇటూగానే ఉంటుంది. మా గుంట సైజుకి అది 75 లీటర్ల లోపు. జానెడు తగ్గిందంటే మిగతా నీళ్లన్నీ అడుగు నుంచి పోతున్నట్టే.

నీళ్లు తోడి, రాళ్లు పక్కకి లాగి చూస్తే సరిగ్గా మందంగా పరిచిన చోటే, గుంట ఈ చివర నుంచి ఆ చివరదాకా అతుకు. రెండు ముక్కల షీటు, మధ్యలో పసుపు రంగు గమ్ము, దాని మీద ప్లాస్టర్ టేపు. మా ఆయన చివర పట్టుకుని ఇట్టా అనగానే అరటిపండు తొక్కలాగా మొత్తం ఊడొచ్చింది. కింద ఇసుక పాదం దిగబడేంత తడిగా ఉంది. ఈ రకం ప్లాస్టిక్‌కి మామూలు గమ్ము పట్టదు, వేడి మిషన్‌తో రెండు అంచుల్నీ కరిగించి అతకాలి. రొయ్యల గుంటలకి అట్లాగే అతుకుతారు. ఈ పనే చేసుకుని బతికేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను.

ఫోటోలు తీసి ఆయనకి పంపి ఫోన్ చేశా. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "రాళ్లు ఎవరు తీయమన్నారు మిమ్మల్ని?"

అతుకు ఎట్లా వచ్చిందని అడగలేదు. వచ్చి చూస్తాననలేదు. కనీసం అయ్యో అనలేదు. రాళ్లు ఎందుకు తీశారని! అంటే ఆ రాళ్ల కింద ఏముందో మొదటి రోజు నుంచీ తెలుసు, మా ఆయన్ని దిగొద్దని ఆపింది అందుకే. అత్తమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ ఆ అతుకు మీద రాళ్లు పోశాడు. ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ చెవిలో మోగుతూనే ఉంది. ఒకే ముక్క అన్నారు కదా అంటే, "రాళ్లు కదిపారు, వారంటీ క్యాన్సిల్, ఆడవాళ్లతో వాదన నాకు పడదు, సార్‌కి ఫోన్ ఇవ్వండి" అన్నాడు. సార్ మాట్లాడితే పని మీద ఉన్నానని కట్ చేశాడు. రాత్రికి మా ఇద్దరి నంబర్లూ బ్లాక్. డబ్బు సంగతి సరే, ఇంట్లో మనిషిలాగా మజ్జిగ తాగి వెళ్లినవాడు అట్లా మాట్లాడటం అత్తమ్మని బాగా బాధపెట్టింది. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

షీటు సంగతి కూడా చెప్తా. 500 మైక్రాన్లంటే అర మిల్లీమీటరు, పది పొరలు మడిచి పెడితే 5 మిల్లీమీటర్లు ఉండాలి. మాది అంచు కత్తిరించి మడిచి స్కేలు పెడితే 2 కూడా లేదు.

వేయించుకోవాలనుకునేవాళ్లు షీటు విప్పకముందే తూకం వేయించండి. 500 మైక్రాన్ల అసలు హెచ్‌డీపీఈ చదరపు మీటరుకి 470 గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది. మా గుంటకి కావలసింది 18 అడుగులు, 16 అడుగులు (పొడవుకీ వెడల్పుకీ లోతు రెండింతలు కలిపి, పైన అంచుకి ఇంకో 2 అడుగులు), అంటే 12 కిలోల పైనే ఉండాలి. మాకు తెచ్చింది ఆయన చంకలో పెట్టుకుని వచ్చాడు. నేత లామినేషన్ షీటు (నేసిన ప్లాస్టిక్ మీద పూత వేసింది) అని చెప్తే, ఆ రకానికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 15351 గుర్తు ఉందేమో చూడండి. రాళ్లు పోయకముందు నీళ్లు నింపి, రెండు రోజులు బకెట్ పరీక్ష పెట్టి, ఆ తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి. చీటీ కాదు, మైక్రాన్లు రాసిన బిల్లు కావాలని పట్టుబట్టండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల లోపు లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనన్నా తప్పే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, తర్వాత నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు సరుకుకి అక్కడ ఫీజు కూడా లేదు.

ఇప్పటికే ఆయన చేత వేయించుకున్నవాళ్లు ముందు బకెట్ పరీక్ష పెట్టండి. నీళ్లు తేడాగా తగ్గుతుంటే రాళ్లు తీసేటప్పుడు మొదటి నుంచీ వీడియో తీయండి, చీటీ, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ దాచుకోండి, నాకు మెసేజ్ పెట్టండి. అందరం కలిసి ఒకే ఫిర్యాదు వేద్దాం.