పొగతోటలో బయాప్సీ ఇచ్చిన ల్యాబ్: మా అనుభవం

కావలిలో ఉండే మా మేనకోడలికి కొద్ది రోజుల్లోనే కడుపు ఉబ్బి, స్కానింగులో రెండు అండాశయాల్లోనూ గడ్డలు కనిపించి, అండాశయ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చూసే సీఏ-125 అనే రక్తపరీక్ష విలువ కూడా పెరిగి ఉండడంతో, మొదట చూసిన డాక్టరు అండాశయ క్యాన్సరేనని చెప్పి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. నెల్లూరులో చూపించిన సర్జన్ మాత్రం ముందు సూదితో ముక్క తీసి, పొగతోటలోని ఒక పాథాలజీ ల్యాబుకు పంపారు. ప్రచారంలా ఉంటుందని ఆ ల్యాబు పేరు రాయడం లేదు.

‘క్యాన్సర్ ఉంది’ అని రాసి చేతులు దులుపుకోకపోవడమే అక్కడ నాకు నచ్చిన సంగతి. మైక్రోస్కోపు కింద కణాలు ఒకే తీరుగా ఒత్తుగా ఉండి, మధ్యమధ్య చనిపోయిన కణాలను మింగే పెద్ద కణాలు తెల్లటి చుక్కల్లా కనిపించడంతో, పాథాలజిస్టు లింఫోమాను (రోగనిరోధక కణాల్లో పుట్టే క్యాన్సర్‌ను) అనుమానించి, సర్జన్‌కు ఆ సాయంత్రమే ఫోన్ చేసి, ఎల్‌డీహెచ్, యూరిక్ యాసిడ్ అనే రక్తపరీక్షలు వెంటనే చేయించమన్నారు. కణాల్లోని ప్రోటీన్లను (మార్కర్లను) రంగు వేసి గుర్తించే ఐహెచ్‌సీ పరీక్షలో సీడీ20, సీడీ10, బీసీఎల్6 పాజిటివ్‌గా, బీసీఎల్2, టీడీటీ నెగటివ్‌గా వచ్చాయి. కేఐ-67 దాదాపు నూరు శాతం, అంటే ఇంచుమించు ప్రతి కణమూ విభజన చెందుతూనే ఉందన్నమాట. ఇది బర్కిట్ లింఫోమా. డెనిస్ బర్కిట్ అనే సర్జన్ 1958లో ఉగాండా పిల్లల దవడల్లో వర్ణించిన ఈ జబ్బు అండాశయంలో మొదలవడం చాలా అరుదు. ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగల గడ్డ కనుక, రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా చేసిన ఆ ఫోనుకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

దీనికి ప్రధాన చికిత్స కీమోథెరపీయే కాబట్టి, పెళ్ళి కావలసిన పిల్లకు అండాశయాలు తీసేసే ఆపరేషన్ తప్పింది. మందు మొదలవగానే కణాలు ఒక్కసారిగా చనిపోయి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంటుందని, అందుకే యూరిక్ యాసిడ్ ముందే చూడమన్నానని పాథాలజిస్టు మాకు ఓపికగా వివరించారు. బర్కిట్‌ను ఖాయపరచడానికి ఎంవైసీ జన్యువు మార్పును చూసే ఫిష్ పరీక్ష అక్కడ లేదు. చెన్నైకి పంపి, ఫలితం వచ్చేవరకు తమది తాత్కాలిక నిర్ధారణేనని రిపోర్టులో స్పష్టంగా రాశారు.

కౌంటరు తీరు వేరు. ఐహెచ్‌సీలో ఒక్కో మార్కరుకు విడిగా డబ్బు కట్టాలన్న మాట బిల్లు చేతికిచ్చేటప్పుడు గానీ చెప్పలేదు. ముందే అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది. కూర్చోవడానికి చోటు చాలదు, బండి నిలపడం గురించి పొగతోట తెలిసినవారికి చెప్పనక్కరలేదు. స్లైడ్లనూ, ముక్కను మైనంలో భద్రపరచిన బ్లాకులనూ మాత్రం సంతకం తీసుకుని పేచీ లేకుండా ఇచ్చారు. చికిత్సకు వెళ్ళిన చెన్నై ఆసుపత్రివారు మళ్ళీ ముక్క తీయకుండా వాటినే పరిశీలించి, అదే జబ్బని ఖాయపరచి కీమో మొదలుపెట్టారు.