ఎండాకు తెగులుకు లొంగని సాంబమసూరి: రెండు సార్వాల అనుభవం

తెనాలి కాలువ కింద మాది మూడెకరాల మాగాణి. నాన్న రోజుల నుంచీ బీపీటీ 5204, అంటే సాంబమసూరే వేస్తున్నాం. మా పక్కన బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన వంగడం. తినడానికి దాన్ని మించిన బియ్యం లేదు. కానీ చేను పొట్ట మీదుండగా ముసురు పట్టి గాలి తోలిందంటే నాకు టెన్షన్ మొదలు. ఆకు కొసన పసుపు తిరిగి, అంచుల వెంట కిందికి దిగి, చూస్తూండగానే చేను ఎండుగడ్డి రంగుకొస్తుంది. ఈ ఎండాకు తెగులు బాక్టీరియాతో వచ్చేది. ఏ మందు కొట్టినా నాకు గుణం కనిపించలేదు.

అందుకే ఇంప్రూవ్డ్ సాంబమసూరికి మారాను. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేసిన ఈ రకం 2008లో విడుదలైంది. జీఎం పంట, అంటే ల్యాబులో జన్యువులు మార్చి చేసినది కాదు. తెగులును తట్టుకునే మూడు జన్యువులను మామూలు సంకరణంతోనే తెచ్చి, గింజ, రుచి మారకుండా మళ్లీ మళ్లీ బీపీటీతోనే కలిపారు. మూడూ ఎందుకంటే, బాక్టీరియా ఒకదాన్ని దాటినా మిగతావి అడ్డుకుంటాయని. అందులో రెండు జన్యువులు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తేనే పనిచేస్తాయి. ఒక్క వైపు నుంచే వస్తే పైకి కనిపించవు. కాబట్టి తరం తరంలోనూ ఆకు ముక్క తీసి డీఎన్‌ఏ పరీక్షతో మొక్కల్ని ఏరారు. ఆ ఓపికకు దండం పెట్టాలి.

మొదటి సార్వాకు, అంటే వానాకాలం పంటకు, ఒక షాపులో ఇదే పేరు చెప్పి అంటగట్టింది మామూలు బీపీటీ. గింజ చూసి తేడా పట్టలేం కదా, తెగులొచ్చాకే తెలిసింది. ఎకరానికి 19 బస్తాలతో సరి. రెండోసారి మా బావ రాజేంద్రనగర్ నుంచి తెచ్చిన విత్తనంలో 25 కిలోలు తీసుకుని ఒక్క ఎకరంలో వేశాను. అక్టోబరు వానలకు గట్టు అవతలి బీపీటీ కొసల నుంచి ఎండుతుంటే, ఇటు ఆకు పచ్చగానే నిలబడింది. అక్కడక్కడా చిన్న మచ్చలు, అంతే. 29 బస్తాలు దిగాయి. కోత కూడా బీపీటీ కంటే వారం ముందొచ్చింది.

లోపాలూ చెప్పాలి. ఆకుల మీద మచ్చలు తెచ్చే అగ్గి తెగులుకు, దుబ్బుల్లో రసం పీల్చే సుడిదోమకు ఇందులో రక్షణ లేదు. దోమకు నేను రెండుసార్లు మందు కొట్టాను. యూరియా ఎక్కువైతే చేను పడిపోతుంది. మిల్లువాళ్లు బీపీటీ ధరే ఇస్తారు, పైసా ఎక్కువ రాదు.

అన్నం అచ్చం సాంబమసూరే, పొడిపొడిగా. గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో షుగర్ ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే అంకె) 50 చుట్టూ ఉంటుందని పరిశోధకులు చెప్పాక, షుగరున్న అమ్మకు ఈ బియ్యమే వండుతున్నాం, కొలత మాత్రం పెంచలేదు. వచ్చే సార్వాకు మూడెకరాలూ ఇదే. విత్తనం వేరే గోతాల్లో కట్టి, పేరు రాసి అటక మీద పెట్టాను.